గొలుసు అవతలి కొస

ఆ అడవుల చరిత్రలో అంత పెద్ద గాలింపు అంతకు ముందు జరగలేదు, తరువాతా జరగలేదు. నూట ఇరవై మంది సాయుధులు, పదకొండు కంచరగాడిదలు, రెండు వైర్‌లెస్ పెట్టెలు, ఒక వైద్యుడు, ఒక వంటశాల, ఇంత పరివారమూ ఒక్క మనిషి కోసం. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. మూడేళ్ళ కిందట ఏటి దారిన ఒంటరిగా వచ్చి, కొండ వాలులో కొయ్య గుడిసె కట్టుకున్నాడు. ఎవరితోనూ పలికి ఎరగడు గనుక పత్రికలవాళ్ళు "మౌని" అని పేరు పెట్టారు. గుడిసెకు అనుమతి పత్రం ఉందా అని తలుపు తట్టిన అటవీ శాఖ గార్డుకు తలుపులోంచే తుపాకీతో జవాబు చెప్పి, మంచులోకి మాయమయ్యాడు.

ఈ మహత్కార్యంలో మన కథానాయకుడి పాత్ర జిగురు పూయడం.

ఆయన సర్వే కార్యాలయంలో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. వెనకాల అందరూ "అంగుళం గారు" అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అది గౌరవసూచకమనే చాలాకాలం భావించాడు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో తాను గీసిన కొండల్లో ఒక్కటి కూడా ఆయన ఎక్కలేదు. ఎక్కవలసిన అవసరం ఉందనీ తోచలేదు. కాగితం మీద సరిగ్గా ఉన్న కొండ నేల మీద సరిగ్గా లేకపోతే, ఆ లోపం కొండదేనని ఆయన విశ్వాసం. అటువంటి పెద్దమనిషిని బల్లలతో, కలాలతో, జిగురు సీసాతో సహా తీసుకువచ్చి, గాలింపు దళం మకాం వేసిన పాత కోత మిల్లులో ఒక గది ఇచ్చారు. తొడలో గుండు దిగిన గార్డు ఆయనకు స్వయానా బావమరిది, ఆయన భార్యకు తమ్ముడు. కనుక "మావాడి మీద చెయ్యి వేసినవాణ్ణి వదలకండి" అని భార్య ఆజ్ఞాపించి మరీ పంపింది. అంగుళం గారు ఆ ఆజ్ఞను బ్లేడుతోనూ స్కేలుతోనూ నెరవేర్చడానికి పూనుకున్నాడు.

పని చిన్నదే. ఆ అడవి తూర్పు షీటు ఒకటి, పడమటి షీటు ఒకటి. రెంటినీ పక్కపక్కన అతికించి గోడకు తగిలించాలి. నియమం ప్రకారం షీటుకున్న తెల్లటి అంచు మాత్రమే కోయాలి. కానీ తూర్పు షీటు అంచు చిరుగులు పట్టి ఉంది. పడమటిదాని అంచున ఎవరిదో టీ గ్లాసు మరక. చిరుగులనూ మరకలనూ గోడకెక్కించి పోలీసు అధికారులకు చూపించడానికి ఆయన ప్రాణం ఒప్పలేదు. ఉక్కు స్కేలు ఆనించి, చిరుగున్న మేర ఇటూ, మరక ఉన్న మేర అటూ, గీతలతో సహా కోసేశాడు. అతికిస్తే వెంట్రుక దూరే సందు లేదు. ఒక్క ఏటి వంపు మాత్రం ఇటుదీ అటుదీ కలవలేదు. దాన్ని సన్న కలంతో సుతారంగా కలిపేశాడు.

"ఎంత అందంగా ఉందండీ! అతుకే కనపడటం లేదు!" అన్నారు గాలింపుకు నాయకుడైన సూపరింటెండెంటు గారు. అంగుళం గారు ఇంటికి రాసిన ఉత్తరంలో ఈ వాక్యం రెండుసార్లు చేరింది.

ఆ కనపడని అతుకే రెండు దళాలకూ సరిహద్దు అయింది. తూర్పు దళం కొండ శిఖరం దాకా వెతకాలి. పడమటి దళం ఏటి దాకా. పటం ప్రకారం శిఖరం దిగితే ఏరే. మూడో రోజున పొగమంచులో రెండు దళాలూ ఒకరినొకరు మౌని అని భ్రమించి, ఒక కంచరగాడిద చెవినీ వంటవాడి పెద్ద గిన్నెనూ గాయపరిచి, ఒక దుప్పటికోటు అడవిలో పారేసుకున్నాక, ఎవరూ తమ హద్దు దాటరాదని కఠినమైన ఉత్తరువు వచ్చింది. అందుచేత శిఖరం మీద నిలబడి కిందికి చూసిన తూర్పువారు ఆ కనిపించే చిట్టడవి పడమటివారిదనుకున్నారు. ఏటి ఒడ్డున నిలబడి పైకి చూసిన పడమటివారు అది తూర్పువారిదనుకున్నారు. ఇరుపక్షాలూ ఎంతో మర్యాదగా ఇరవై రోజులు దాన్ని ఒకరికొకరు వదిలేశారు.

ఇరవై మూడో రోజు, బుధవారం, సూపరింటెండెంటు గారు డ్రాఫ్ట్స్‌మన్‌ను పిలిపించారు.

"అడవంతా గాలించాం. అడవిలో లేడు. అంటే ఊళ్ళో ఉన్నాడు. కొండ కింద బొగ్గు కాల్చేవాళ్ళ వాడ ఉంది చూశారా, ముప్పై ఒక్క ఇళ్ళు? వాళ్ళే దాచారు. శుక్రవారం పొద్దున వాడ మొత్తం ఖాళీ చేయించి కూల్చేస్తున్నాం. ఇళ్ళన్నీ వరుస నంబర్లతో గీసివ్వండి."

"చిత్తం," అన్నాడు అంగుళం గారు. కూల్చడం ఆయన శాఖ కాదు. గీయడం ఆయన శాఖ.

గది తలుపు దగ్గర ఒక ముసలమ్మ నిలబడి ఉంది. రోజూ మిల్లుకు బొగ్గు మోసే మనిషే. ఆమెను ఆయన ఎప్పుడూ తల ఎత్తి చూడలేదు.

"బాబూ, మా ఇల్లు ఈ కాగితంలో ఎక్కడుందో ఒక్కసారి చూపిస్తారా?"

ఆయన పెన్సిలు మొనతో ఒక చుక్క చూపించాడు.

"ఇంతేనా? ఈగ రెట్టంత ఉంది. ఇది తీసేస్తే మీకేం కలిసొస్తుంది బాబూ? కోడలికి నెలలు నిండాయి. ఈ మంచులో ఎక్కడికని నడిపించుకుపోను?"

"నేను గీసేవాణ్ణి మాత్రమేనమ్మా. ఉత్తరువులతో నాకు సంబంధం లేదు."

"గీసేవాళ్ళు గీశారు, కూల్చేవాళ్ళు కూలుస్తారు. మధ్యలో పాపం ఎవరిదో మరి," అని ఆమె బుట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

ఖాళీ చేసిన ఇళ్ళకు ఏ గుర్తు వేయాలో చూద్దామని ఆయన సర్వే నియమావళి తెరిచాడు. పుటల మధ్య గుర్తుకోసం పెట్టుకున్న సన్నని కాగితపు పట్టీ కింద పడింది. తీసి చూశాడు. దాని ఒక కొసన టీ మరక. మిగిలిన భాగం నిండా కొండ ఎత్తులు తెలిపే గోధుమరంగు గీతలు, చెట్ల గుర్తులు.

తెల్లటి అంచులో చెట్లు మొలవవు.

ఆయన స్కేలు తీశాడు. పట్టీ వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. తూర్పు వైపు కోసింది మరో ఎనిమిదో వంతు. వెరసి పావు అంగుళం. అంగుళానికి మైలు లెక్కన నాలుగు వందల నలభై గజాల వెడల్పు, పదకొండు మైళ్ళ పొడవు గల అరణ్యాన్ని ఆయన అందం కోసం కోసి, పుస్తకంలో పెట్టుకున్నాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినవాళ్ళ సంగతి లోకానికి తెలుసు. చంకలో అడవిని పెట్టుకుని వెతికించినవాణ్ణి నేనొక్కణ్ణే అని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకుని నవ్వేవాడు. ఆ క్షణాన మాత్రం నవ్వు రాలేదు. బ్లేడు కనపడకుండా సొరుగులో పెట్టాడు. అక్కడికేదో సాక్ష్యం మాయమైనట్టు. తరువాత పట్టీని కూడా సొరుగులో పెట్టాడు. ముసలమ్మ కోడలిని పెట్టడానికి సొరుగు చాలలేదు.

ఆయన సొరుగులోంచి తిరిగి తీసి తెచ్చిన పట్టీని సూపరింటెండెంటు గారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఈ కాగితం ముక్క చూపించి, మంచుకు వేళ్ళు చచ్చుపడిన మనుషుల్ని మళ్ళీ అడవిలోకి పొమ్మనమంటారా? మీరు కలిపిన అతుకు నేను రోజూ చూస్తున్నాను. అందులో తప్పు లేదండీ."

తన నేర్పును ఇంత దృఢంగా సమర్థించినవారు ఆయనకు జీవితంలో ఇంకెవరూ తారసపడలేదు. దురదృష్టవశాత్తు అది సమయం కాదు.

"తప్పుందని నేనే మనవి చేస్తున్నానండి."

"అయితే రేపు వెళ్ళి కొలవండి. కొలత గొలుసు పెట్టి, పద్ధతిగా, ఫీల్డు బుక్కు రాసి సాయంత్రానికి తీసుకురండి. అప్పుడు మాట్లాడదాం."

గురువారం ఉదయం ఆయన జీవితంలో మొదటిసారి ఒక కొండ ఎక్కాడు. ఎక్కాడనడం సత్యదూరం; చెవి తెగిన కంచరగాడిద ఎక్కింది, ఆయన దాని మీద కూర్చున్నాడు. గొలుసు రెండో కొస పట్టుకోవలసిన చైన్‌మన్‌కు జ్వరం. ఇంకొకణ్ణి వెనకనే పంపిస్తామన్నారు. గాడిదను తోలేవాడు శిఖరం దాకా దింపి, "ఇక్కడితో మా హద్దండీ. దాటితే కేసు రాస్తారు," అని సెలవు తీసుకున్నాడు. అంగుళం గారు గొలుసు సంచీ పక్కన, పొగమంచులో, రెండున్నర గంటలు గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు.

పదకొండున్నరకు చెట్ల మధ్యలోంచి ఒక మనిషి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. ఒంటి మీద శిబిరంలో అందరికీ ఇచ్చే దుప్పటికోటు. చేతిలో గోనెగుడ్డ చుట్టిన పొడుగాటి వస్తువు. ఈయన్ని చూసి ఆగిపోయాడు.

"ఇదా రావడం? తొమ్మిదింటికి రమ్మంటే పదకొండున్నరా? మీకు గడియారం అంటే లెక్కలేదు, పైవాళ్ళంటే లెక్కలేదు!"

ఆ మనిషి కన్నార్పలేదు.

"జవాబు లేదు. సరే, అదీ మంచిదే. మాట్లాడేవాళ్ళు పని చెయ్యరు. గడకర్ర తెచ్చావు, సంతోషం. గుడ్డ విప్పకు, తడుస్తుంది. అదిగో, ఆ బండ దగ్గర నిటారుగా నిలబెట్టు. దాని సూటిన కొలుద్దాం."

ఆ మనిషి కాసేపు గొలుసునూ, కాసేపు ఈయన మొహాన్నీ చూశాడు. వెనక ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూశాడు. చివరికి ఏమనుకున్నాడో, బండ దగ్గరికి నడిచి ఆ వస్తువును నిలబెట్టాడు.

"ఇంకొంచెం ఎడమకి! ఊఁ. వాల్చకు... నా వైపు వాలుతోందయ్యా, నా వైపు వాలుతోంది!"

అది మెల్లగా పైకి లేచి నిటారుగా నిలిచింది.

ఆపైన జరిగిన కొలత అంగుళం గారి అభిప్రాయంలో పాఠ్యపుస్తకానికి ఎక్కదగినది. గొలుసు ఎక్కడా కుంగలేదు. వాలు వచ్చినచోట ఆ మనిషి చెప్పకుండానే కొసను పైకెత్తి సమంగా పట్టాడు. గొలుసు గొలుసుకూ నేలలో గుచ్చే ఇనుప పుల్లను సరిగ్గా గుచ్చాడు. మధ్యలో ఒకచోట అంగుళం గారు నాచు మీద జారి, లోయలోకి తన పదవీ విరమణ ముందుకు జరుపుకోబోగా, అవతలి కొసన గొలుసు బిగిసి, ఆయన్ని చేపలాగా పైకి లాగింది.

"జాగ్రత్తగా ఉండాలయ్యా," అని ఆయన ఆ మనిషిని మందలించాడు.

మంచి శ్రోత దొరికితే ఆయన ఆగలేడు. ఆఫీసులో వినేవారు లేరు. ఇంట్లో అంతకన్నా లేరు. పటం సంగతి, బ్లేడు సంగతి, పట్టీ సంగతి అన్నీ వివరించాడు. తూర్పు దళంలో ఎందరున్నారో, పడమటి దళం ఏ దారిన వస్తుందో, కొత్త పటం గీయగానే శుక్రవారం ఎన్ని గంటలకు ఈ చిట్టడవి నిండా మనుషులు దిగుతారో క్రమబద్ధంగా చెప్పాడు.

"ఎవడో ఒకడు ఇక్కడ నక్కి కూర్చున్నందుకు, అక్కడ ముప్పై ఒక్క ఇళ్ళు రేపు నేలమట్టం చేస్తారట. వాళ్ళు చూసింది లేదు, దాచింది లేదు. నిండు గర్భిణి ఉందక్కడ. వాడు మనిషైతే సిగ్గుపడాలి. నేనూ పడాలనుకో. కోసింది నేను."

ఆ మనిషి చేతిలో గొలుసు ఒక్క క్షణం వదులైంది. ఆ పగలంతటిలో అదొక్కటే లోపం. అంగుళం గారు పట్టించుకోలేదు.

మూడున్నరకు ఏటి ఒడ్డు చేరారు. వెడల్పు పంతొమ్మిది గొలుసుల ఎనభై లింకులు, అంటే నాలుగు వందల నలభై గజాలకు నాలుగు గజాలు మాత్రమే తక్కువ. ఆయన ఆనందానికి మేర లేదు. తన తప్పు కూడా ఎంత కచ్చితంగా ఉందో అనిపించింది. ఆ మనిషి పుల్లలు లెక్కపెట్టి ఇచ్చి, గొలుసును గుడ్డతో తుడిచి, ముడి పడకుండా మడిచి సంచీలో పెట్టాడు. ఈయన్ని శిబిరం దారి కనిపించేదాకా తీసుకువచ్చి, గోనెగుడ్డ వస్తువు భుజాన వేసుకుని చెట్లలోకి నడిచాడు. అంగుళం గారు నిలబడే ఫీల్డు బుక్కు తెరిచి, ఆఫీసు అలవాటు ప్రకారం చివరి గడిలో, సహాయకుని పనితీరు అన్నచోట, "సంతృప్తికరం" అని రాశాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ మాట రాయడం అది రెండోసారి. పేరు అడగడం మరచిపోయాడు.

మిల్లుకు తిరిగి రాగానే, అక్కడే వైద్యుడి గదిలో మంచంపట్టి ఉన్న బావమరిది దగ్గరికి వెళ్ళాడు.

"మీ శిబిరంవాళ్ళు పంపిన మనిషి ఆణిముత్యమయ్యా. పేరేమిటి?"

"ఏ మనిషి బావా? నీకు పంపాల్సినవాడు పొద్దున్నుంచీ నా మంచం పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు. హద్దు దాటితే కేసు రాస్తారని ఆగిపోయాడంట. అదిగో, కునుకు తీస్తున్నాడు చూడు."

అంగుళం గారు చూశాడు. కునుకు తీస్తున్నవాడికి గడ్డం లేదు.

"నీతో ఉన్నవాడు ఎలా ఉన్నాడు?" బావమరిది మోచేతి మీద లేచాడు. "ఎడమ చెవి సగం లేదా?"

"సగం ఉంది."

"చేతిలో ఏముంది?"

"గడకర్ర. గోనెగుడ్డ చుట్టి..." వాక్యం అక్కడ ఆగిపోయింది. ఆయన జీవితంలో పూర్తికాని వాక్యాలు చాలా తక్కువ.

బావమరిది ముందు నోరు తెరిచాడు, తరువాత నవ్వడం మొదలుపెట్టాడు, కుట్లు లాగి "అమ్మా!" అన్నాడు, అయినా ఆగలేదు. "నూట ఇరవై మంది ఇరవై మూడు రోజులు వెతికినవాడి చేత గొలుసు మోయించావా బావా! ఏటి దగ్గర ఎన్నిసార్లు ఎదురైనా పలకలేదు, నాకు తలుపు కూడా తియ్యలేదు వాడు! ఒరేయ్, నీళ్ళియ్యండ్రా ఎవరైనా!" కాస్త తేరుకుని గొంతు తగ్గించాడు. "సర్లే, కంగారుపడకు. ఇదిగో ఈ నిద్రపోయేవాడి పేరు రాసెయ్. వాడిక్కూడా గొడవ తప్పుతుంది. మూడో కంటివాడికి తెలీదు. అక్కకి కూడా చెప్పను, ఒట్టు."

సలహా చెడ్డది కాదు. ఆ గడిలో ఏ పేరున్నా కొలత కొలతే. అంగుళం గారు గడి ఖాళీగానే ఉంచి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాడు. సాయంత్రపు హాజరు జరుగుతోంది; మిల్లు ఆవరణలో దళాలు రెండూ బారులు తీరి ఉన్నాయి.

సూపరింటెండెంటు గారు అంకెలు చూశారు, మొహం చిట్లించారు. "సరే, ఒప్పుకున్నాను. పట్టీ ఉంది. తీరిక చేసుకుని దాన్నీ గాలిద్దాం. కానీ అడవి ఉన్నంత మాత్రాన వాడందులో ఉన్నట్టా? రేపటి పని రేపు కావాల్సిందే. పొద్దున ఏడింటికి వాడ ఖాళీ."

ఒక్క మాట చాలు, ముప్పై ఒక్క ఇళ్ళు నిలుస్తాయి. ఆ ఒక్క మాట అంటే ఇరవై ఆరేళ్ళుగా కట్టుకున్న పరువు నూట ఇరవై మంది ముందు గోచీతో నిలబడుతుంది. ఆ రెంటినీ ఆయన మనసులో తూచాడని చెప్పడం ఆయనకు గౌరవంగా ఉంటుంది. వాస్తవానికి ఆయన మెల్లగా వెనక్కి నాలుగడుగులు వేశాడు. ఐదో అడుగుకు బొగ్గుబుట్ట కాలికి తగిలింది. దాని పక్కన ముసలమ్మ నిలబడి ఉంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఆ దారిన వెళ్ళిపోవడం ఆయనకు చేతకాలేదు.

"అయ్యా, అతడు ఆ పట్టీలో ఉన్నాడు. ఇవాళ నేను చూశాను."

సూపరింటెండెంటు గారు హాజరు పుస్తకం మూశారు.

"దూరం నుంచి చూశారా?"

"ఒక గొలుసు దూరం నుంచండి. పంతొమ్మిదిసార్లు. నాకు సహాయకుడుగా పనిచేసింది అతడే."

"మీరు వాణ్ణి చూసి... ఏం చేశారు?"

"ఆలస్యంగా వచ్చినందుకు కోప్పడ్డానండి."

వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఇంకెవరో ఆ దగ్గును ఆపుకోలేకపోయారు.

"తుపాకీ?"

"నిటారుగా పట్టుకోమన్నానండి."

ఇక ఆపడం సూపరింటెండెంటు గారి వల్ల కాలేదు. నవ్వు ముందు తూర్పు దళంలో పుట్టి, హద్దు దాటకూడదన్న ఉత్తరువును లక్ష్యపెట్టక పడమటి దళంలోకి పోయింది. వంటవాడు గరిటెతో సహా బయటికి వచ్చాడు. అంగుళం గారు అందరి మధ్య, ఫీల్డు బుక్కు గుండెకు ఆనించుకుని, పరీక్ష తప్పిన పిల్లవాడిలా నిలబడ్డాడు.

"మన గాలింపు సంగతి గానీ వాడితో అన్నారా?" సూపరింటెండెంటు గారి గొంతు నీరసించింది.

"క్రమంగా, వివరంగా చెప్పానండి. సందేహాలుంటే అడగమని కూడా అన్నాను."

సూపరింటెండెంటు గారు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. నూట ఇరవై మంది విన్న మాటను విననట్టు నటించడం ఆయన హోదాకు కూడా సాధ్యం కాదు. వాడిని వాడవాళ్ళు దాచలేదని ఇక రుజువు చేయనక్కరలేదు; ప్రభుత్వోద్యోగి ఒకడు రోజంతా వాడితో కలిసి పనిచేసి వచ్చాడు. ఖాళీ చేయించే కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "రేపు ఏడింటికి వాడ కాదు, పట్టీ," అన్నారు. ముసలమ్మకు ఈ మాటలన్నీ అర్థమైనట్టు లేదు. అంగుళం గారి వైపు చూసి, "అందరూ ఎందుకు నవ్వుతున్నారు బాబూ?" అంది. "నన్ను చూసి, అమ్మా. మీరు ఇంటికి వెళ్ళండి. ఇల్లు ఉంటుంది," అన్నాడాయన.

శుక్రవారం దళాలు రెండూ ఆ చిట్టడవిలోకి దిగాయి. కొమ్మల కప్పు వేసిన చిన్న పాక దొరికింది. లోపల ఊడ్చి శుభ్రం చేసిన నేల, చల్లారిన బూడిద. మనిషి లేడు. ఆ తరువాత ఎవరికీ, ఎక్కడా కనిపించలేదు. గాలింపు మరి తొమ్మిది రోజులు సాగి, మంచు ఎక్కువై ఆగిపోయింది.

శిబిరం ఎత్తేసే రోజున సూపరింటెండెంటు గారు దస్త్రాలు సంతకం చేస్తూ ఫీల్డు బుక్కు దగ్గర ఆగారు. సహాయకుని పేరు అన్నచోట అంగుళం గారి ముత్యాల కోవ దస్తూరితో "తెలియదు, పరారీలో ఉన్న వ్యక్తి" అని ఉంది. దాని పక్క గడి చూసి ఆయన కలం కింద పెట్టారు.

"ఇది పైవాళ్ళు చూస్తారండీ. ఈ 'సంతృప్తికరం' కొట్టేయండి."

అప్పటికి పదిరోజులుగా శిబిరంలో ఆయన వెళ్ళిన చోటల్లా ఎవరో ఒకరు చీపురో గరిటో నిటారుగా నిలబెట్టి, "సరిగ్గా ఉందా అండీ?" అని అడుగుతూనే ఉన్నారు. బావమరిది ఒట్టు పెట్టినట్టే అక్కకు చెప్పలేదు, ఉత్తరం రాశాడు. ఇక పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని మనిషి ఎంత హాయిగా ఊపిరి తీసుకుంటాడో అంగుళం గారికి అప్పుడే తెలుస్తోంది.

"క్షమించాలండి," అన్నాడు. "కొట్టివేస్తే కారణం రాయాలని నియమం. గొలుసు కుంగలేదు. పుల్లల లెక్క తప్పలేదు. నేను జారితే పట్టుకున్నాడు. కారణం ఏమని రాయమంటారు?"

సూపరింటెండెంటు గారు కింద పెట్టిన కలం మళ్ళీ తీసుకుని, సంతకం చేశారు.